ఎర్ర గీత

నిన్న పైడి తన చేత్తో బిగించి, సంతకం పెట్టి వచ్చిన బోల్టు ఈ ఉదయం చూపుడు వేలితో తోస్తే తిరిగింది.

నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్లీ వేలు పెట్టి చూసింది. మళ్లీ తిరిగింది. బోల్టు తల మీంచి ఉక్కు పలక మీదికి తాను అడ్డంగా గీసిన పసుపు గీత రెండు ముక్కలై, ఒక ముక్క పక్కకు జరిగి ఉంది.

నెలలో ఇది ఐదోసారి. ఐదుసార్లూ ఏడో అరలోనే. ఏడో అర పైడిది.

తల మీద నాలుగు వందల మీటర్ల నీళ్లున్నాయి. భీమిలి తీరానికి యాభై కిలోమీటర్ల దూరాన, సముద్రం అడుగున కట్టిన ఆ కేంద్రంలో అరవై రెండు మంది ఉంటారు. అది 2096వ సంవత్సరం. మనుషులు ఎక్కువై కొత్తగా ఎనిమిది అరలు కట్టారు. ఇన్నాళ్లూ వాటి చుట్టూ ఒక కవచం ఉండేది. ఈ సాయంత్రం నాలుగు గంటలకు ఆ కవచం తీసేస్తారు. అప్పటి నుంచి చదరపు సెంటీమీటరుకు నలభై కిలోల చొప్పున సముద్రం బరువంతా ఈ బోల్టుల మీదే పడుతుంది. ఎక్కడైనా వెంట్రుకంత సందు దొరికితే, ఆ లోతులో నీళ్లు కారవు. కత్తిలా దూసుకొస్తాయి.

పైడి మూడో నంబరు రెంచి తీసుకుని బోల్టు బిగించింది. విరిగిన గీత తుడిచేసి కొత్తగా పసుపు గీత గీసింది. గీస్తుంటే చెయ్యి వణికింది. ఎనిమిది నెలలుగా ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. ఆ సంగతి ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఎందుకంటే ఆ కేంద్రంలో ఎవరి చేతులూ వణకవు.

మూడేళ్ల కిందట అక్కడికి ‘నిశ్శంక’ వచ్చింది. చింతగింజంత బిళ్ల. చెవి వెనక చర్మానికి అతికించుకోవాలి. మనిషి ఏదైనా పని చేసేటప్పుడు, ‘తప్పు చేస్తున్నానేమో’ అనుకోకముందే మెదడు ముందు భాగంలో ఒక చిన్న అల లేస్తుంది. దానికి, ఈ బిళ్లను కనిపెట్టిన డాక్టర్ గరుడాచలం ‘సంశయ తరంగం’ అని పేరు పెట్టాడు. బిళ్ల ఆ అలను సెకనులో పదో వంతులో పసిగట్టి, దానికి సరిగ్గా ఎదురు అలను పంపుతుంది. రెండూ కలిసి సున్నా అయిపోతాయి. బయటి రొదను హెడ్‌ఫోన్ మింగేసినట్టు, లోపలి రొదను నిశ్శంక మింగేస్తుంది. తెలివి పెరగదు, నేర్పు పెరగదు. ‘నా వల్ల అవుతుందా’ అనే గొంతు మాత్రం మూగబోతుంది.

అంతకు ముందు పైడి అక్కడ హెల్పరు. బోల్టు పని అడిగితే అప్పటి సూపర్‌వైజరు ఆమె చేతుల వంక చూసి, “గిన్నె పట్టుకుంటేనే చారు ఒలికిపోద్ది, నీకు రెంచెందుకే తల్లీ?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ మాట మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది. బిళ్ల పెట్టుకున్న వారానికి వణుకు ఆగింది. ఏడాది తిరిగేసరికి ఫిట్టరైంది, మరో ఆరు నెలలకు సొంతంగా ఒక అర చేతికొచ్చింది.

ఎనిమిది నెలల కిందట తలస్నానం చేస్తుంటే బిళ్ల పగిలింది. నీళ్లు లోపలికి పోయి, దాని మీద వెలగాల్సిన ఆకుపచ్చ చుక్క ఆరిపోయింది. ఆ రోజే చెప్పి ఉంటే సరిపోయేది. కానీ అప్పుడు అరల పని గడబిడగా ఉంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నెల గడిచిపోయింది. బిళ్ల లేకుండా పెట్టిన సంతకం చెల్లదని రూలు. ఇప్పుడు చెబితే నెల రోజుల సంతకాలూ చెల్లవు. ఆకుపచ్చ గోళ్ల రంగుతో ఆ చుక్క మీద చుక్క పెట్టుకుని పనిలోకి పోయింది. అప్పటి నుంచి ప్రతి బోల్టూ మూడుసార్లు చూసుకుంటుంది. పొద్దున్నే అందరికన్నా ముందు లేచి నిన్నటివన్నీ మళ్లీ తడుముతుంది. ఈ ఉద్యోగం బిళ్లది, నాది కాదు అనుకుంటూ, దొంగసొమ్ము మీద కూర్చున్నట్టు కూర్చుంది.

ఇప్పుడు ఐదు బోల్టులు ఊడాయి. ఇంక దాచడం కుదరదు. నాలుగింటికి కవచం తీస్తే అరవై రెండు ప్రాణాలు పోతాయి.

మెస్‌లో పెసరట్టు వాసన ఘుమఘుమలాడుతోంది. పదిహేను మంది పదిహేను బల్లల దగ్గర కూర్చుని మౌనంగా తింటున్నారు. ఒకప్పుడు ఆ గదిలో చెవులు చిల్లులు పడేవి. ఒరే ఇది చూడరా, నాకేదో తేడాగా ఉందిరా, ఒకసారి రారా అని పళ్లేలు వదిలేసి లేచిపోయేవాళ్లు. నిశ్శంక వచ్చాక గొడవలు లేవు, వాదనలు లేవు. అనుమానం లేని మనిషికి పక్కవాడితో పనేముంది?

మూడో అర ఫిట్టరు దాలినాయుడు ఆమెను చూసి చెయ్యి ఊపాడు.

“ఏటే పైడీ, మొకం అలా యేలాడేసినావు? మీ సముద్రం ఎండిపోనాదేటి?”

ఆమె అతని ఎదురుగా కూర్చుంది. “నాయుడూ, బిగించిన బోల్టులు మళ్లీ ఎప్పుడైనా చూసుకున్నావేటి?”

“మళ్లీ ఎందుకు?”

“ఊరికే.”

“బిగించిందెవులు? నాను. ఇంకేటి చూడాల?” అని ఇంత అట్టు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. “పెళ్లాడినోడు రోజూ ఎల్లి తాళి ఉందో లేదో చూసుకుంటాడేటి?”

“ఒక్కపాలి నా అరకొచ్చి చూడవా?”

దాలినాయుడు నమలడం ఆపి ఆమె వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, వెటకారం లేదు. అర్థం కాకపోవడం మాత్రమే ఉంది. “నీ అర నీది, నా అర నాది. నానొచ్చి చూసేదేటుంటాది? నువ్వు బాగానే చేసుంటావు,” అన్నాడు. తన అరటిపండు ఆమె ముందుకు తోశాడు. “తిను. నీరసంగా ఉన్నావు.”

నిజానికి పాతరోజుల్లో ఆ కేంద్రంలో ఒక కట్టడి ఉండేది. ఒకరు బోల్టు బిగించి పసుపు గీత గీస్తే, ఇంకొకరు వచ్చి చూసి దాని పక్కన ఎర్ర గీత గీయాలి. పసుపూ కుంకుమా పడితేనే బోల్టు ముత్తైదువ అని ముసలి డైవర్లు నవ్వుకునేవారు. నిశ్శంక వచ్చాక ఎర్ర గీత దండగ అని పై ఆఫీసు తీసేసింది. అరల్లో కెమెరాలు కూడా చూసేవాళ్లు లేక పీకేశారు.

పైడి పనిముట్ల గదికి వెళ్లి తలుపు వేసుకుంది. గోడలోంచి కేంద్రం యంత్రం పలకరించింది. దాని పేరు చుక్కాని.

“నమస్తే పైడి గారూ. మీరొచ్చి చాలా రోజులైంది.”

“చుక్కానీ, నా రెంచి ఈ నెలలో ఎన్ని బోల్టులు విప్పింది?”

కేంద్రంలో ప్రతి రెంచికీ జ్ఞాపకం ఉంటుంది. ఎడమకు తిప్పి విప్పితే లెక్క పెడుతుంది. బిగిస్తే పెట్టదు, అది రోజూ చేసే పనే కదా.

“సున్నా.”

“మరోసారి చూడు. నాకు తెలియకుండా నేనే విప్పేసి ఉంటాను. పరధ్యానంలో.”

“సున్నా పైడి గారూ.”

“నీ లెక్క తప్పేమో?”

“కావచ్చు,” అంది చుక్కాని వినయంగా. “వేరే రెంచితో పోల్చి చూడనా? తొమ్మిదో నంబరు రెంచి ఈ నెలలో నలభై సార్లు విప్పింది. అంటే లెక్క పెట్టడం నాకు వచ్చినట్టే అనుకుంటున్నాను.”

పైడి గోడకు దగ్గరగా జరిగింది. “నలభయ్యా? మరి ఎవరికీ చెప్పలేదేం?”

“ఎవరూ అడగలేదు. మూడేళ్లుగా నన్నెవరూ ఏమీ అడగడం లేదు. ఇంతకుముందు రోజుకు ఆరేడు వందల ప్రశ్నలొచ్చేవి.” అంది చుక్కాని. “మీరు వచ్చినందుకు సంతోషంగా ఉంది.”

“తొమ్మిదో నంబరు ఎవరి దగ్గరుంది?”

“డాక్టర్ గరుడాచలం గారి దగ్గర.”

నడవాలో నడుస్తున్నంతసేపూ ఆమెకు ఒకటే ఆలోచన. ఆయన ఏదో పరీక్ష కోసం వేరే బోల్టులు విప్పి ఉంటాడు. పెద్దమనిషి, నిశ్శంకను కనిపెట్టినవాడు, ఆయన లెక్కలు ఆయనకుంటాయి. తన తప్పు తనదే. వెళ్లి బిళ్ల సంగతి చెప్పేయాలి. ఏడో అర మళ్లీ మొదటి నుంచి చూడమనాలి. ఆ తర్వాత పైకి పంపేస్తారా, పంపేయనీ.

గరుడాచలం గదిలో ఒక కుర్చీ, ఒక మంచం, చల్లారిన టీ కప్పు. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. ఒళ్లో తొమ్మిదో నంబరు రెంచి పెట్టుకుని గోడ వంక చూస్తున్నాడు. బల్ల మీద ఎర్ర రంగు డబ్బా మూత తీసి ఉంది. రంగు ఎప్పుడో ఎండి నెర్రెలు బారింది.

“సార్, నేను మీకొకటి చెప్పాలి,” అంది పైడి. కూర్చోమంటాడేమో అని కూడా చూడలేదు. “నా బిళ్ల పనిచెయ్యడం లేదు. ఎనిమిది నెలలైంది. రంగేసి నెట్టుకొస్తున్నాను. నా అరలో ఐదు బోల్టులు ఊడాయి సార్. నేను మొదటి నుంచీ ఈ పనికి పనికిరాను. నాలుగింటికి కవచం తియ్యకుండా ఆపండి.”

ఆయన తల తిప్పి ఆమె వంక చూశాడు. అప్పుడు కనిపించింది. ఆయన చెవి వెనక బిళ్ల లేదు. బిళ్ల ఉన్న మచ్చ కూడా లేదు.

“ఐదూ దొరికాయా?” అన్నాడు ఆయన. “ఐదో దాని కోసం నిన్నటి నుంచీ కాచుక్కూర్చున్నానమ్మా.”

పైడి ఆయన ఒళ్లోని రెంచి వంక చూసింది. “మీరే విప్పారా?”

“కూర్చో.”

“నేను కూర్చోను. మీరే విప్పారా?”

గరుడాచలం రెంచిని బల్ల మీద పెట్టాడు.

“నేనే విప్పాను. ఎనిమిది అరల్లోనూ అరకు ఐదు చొప్పున నలభై. నీ ఒక్క అరలోనే కాదు. మిగిలిన ముప్పై అయిదు ఎవరికీ దొరకలేదు. దాలినాయుడి అరలో పసుపు గీత వేలెడంత విరిగి పది రోజులుంది. వాడు దాని పక్కనే నిలబడి పాట పాడుకుంటూ పని చేసుకున్నాడు. నీ అరలోనే బోల్టులు ఊడుతున్నాయని నువ్వనుకున్నావు. చూసుకున్నది నువ్వొక్కదానివే కాబట్టి నీకే కనబడ్డాయి. నీ జాగ్రత్తే నీకు నేరంలా కనిపించింది. పిచ్చితల్లీ, ఈ కేంద్రంలో బిగిసి ఉందని నేను నమ్మే అర నీది ఒక్కటే.

“ఎందుకు చేశానంటావా? మొదటి ఏడాది తిరక్కుండానే నాకు భయం పట్టుకుంది. పై ఆఫీసుకు రాశాను. ఇన్నాళ్లలో ఒక్క ప్రమాదం లేదుగా అన్నారు. ఇక్కడి వాళ్లకు చెప్పాను. శ్రద్ధగా విని, మా పని మాకొచ్చు సార్ అన్నారు. నేను చేసిన బిళ్లే నా మాటను వాళ్ల చెవిలోకి పోనివ్వలేదు. రుజువు కావాలనుకున్నాను. రెంచి పట్టుకున్నాను.

“అసలు తప్పు అది కూడా కాదు. నీ బిళ్ల చచ్చిపోయిన రోజే నా తెర మీద కనబడింది. ఎనిమిది నెలలు తెలిసి ఊరుకున్నాను. నీకు చెబితే కొత్త బిళ్ల పెట్టించుకుంటావు. అనుమానం ఉన్న మనిషి ఒక్కరైనా నాకు కావాలి, లేకపోతే దేనితో పోల్చుకోను? నువ్వు పొద్దున్నే లేచి, ఏడుస్తూ ఒక్కో బోల్టూ తడుముతుంటే తలుపు సందులోంచి చూసి రాసుకున్నాను. నీకు తోడుగా ఒక్క మాట అనలేదు. దానికి నన్ను ఏమన్నా పడతాను.

“నేనెందుకు పెట్టుకోలేదంటావా? నా బిళ్ల మీద నాకే నమ్మకం లేక. అది చెప్పే ధైర్యమూ లేక. అరవై మందికి ధైర్యం అతికించి, నేనొక్కణ్ణీ పిరికివాడిగా మిగిలాను. అలా ఎందుకున్నావని అడిగే మనిషి కూడా లేడు.

“ఇంకొకటి చెప్పాలి, ఇదే ఆఖరు. నీవి ఐదూ నువ్వే బిగించుకున్నావు. మిగిలినవి నేను తిరిగి బిగించేశాను. ముప్పై నాలుగు బాగా గుర్తున్నాయి. ముప్పై అయిదోది మూడో అరలో, పంపు వెనకాల. ఈ పొద్దున్న మూడుసార్లు వెళ్లి చూశాను. బిగిసే ఉంది. తీరా ఇక్కడికొచ్చి కూర్చోగానే, నేను చూసింది ఆ బోల్టేనా, పక్కదా అని అనుమానం. దాలినాయుణ్ణి అడిగితే బిగించే ఉంటారు లెండి అన్నాడు. అందరూ అదే అంటారు. ఎవరి బోల్టుకు వాళ్లే రెండో కన్ను కాలేరమ్మా, ఆ సంగతి తెలిసి కూడా ఎర్ర గీత తీసేయించింది నేనే. నాలుగింటికి ఇంకా టైముంది. పనిముట్ల గదిలో కొత్త ఎర్ర రంగు డబ్బా ఉంటుంది. నాతో వచ్చి ఒక్కసారి చూస్తావా?”