నెమ్మదిగా రాసేవాళ్ల కోసం

సూదులమ్మ షట్టర్ ఎత్తేసరికే కూతురు వెనకగదిలోంచి వచ్చి గల్లాపెట్టె పక్కన లాప్‌టాప్ తెరిచి కూర్చుని ఉంది. టీ చల్లారి మీగడ కట్టింది.

ఆమెది కుట్టు మిషన్ల విడిభాగాల దుకాణం. అమ్మేవీ సూదులే, నోటినుంచి వచ్చేవీ సూదులేనని వీధిలో ఆ పేరు పెట్టారు. గిట్టుబాటు కాని పనికి ఆమె గుమ్మం దాటదు. అలాంటి మనిషి కడుపున లోకానికి ఉచితంగా పనిచేసిపెట్టే పిల్ల పుట్టింది.

"ఉద్యోగమిస్తామన్న కంపెనీవాళ్లకి జవాబు రాశావా?"

"ఇంకా లేదమ్మా."

"ఈరోజే కదే ఆఖరు! సిరి వస్తుంటే మోకాలడ్డుతావేం?"

"చేరితే బయటి పనులేవీ చేయకూడదట. ఈ ఫోరమ్ పని వదిలేయాలి."

"వదిలెయ్! పీడా పోతుంది."

నలుగురూ చేరి ప్రశ్నలడిగి, జవాబులు చెప్పుకునే ఫోరమ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్ అది. ఎవరి సొత్తూ కాదు. కావలసినవాళ్లు వాడుకుంటారు, పని తెలిసినవాళ్లు బాగుచేస్తారు. బాగుచేసేవాళ్లలో ఈ పిల్ల ఒకతె.

"వచ్చినవాళ్ల మిషన్లన్నీ ఉత్తినే బాగుచేసుంటే, నేనీపాటికి ఈ షట్టర్ కూడా అమ్ముకునేదాన్ని" అంది సూదులమ్మ.

"అందరి కోసం మొదలుపెట్టలేదమ్మా. ఒక్కళ్ల కోసమే."

సూదులమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఎవడే వాడు?"

కూతురు నవ్వలేదు. వెనకగది వైపు చూసింది. అక్కడ తండ్రి బల్ల ముందు కూర్చుని, కింది దారముండే, ఇప్పటికే మెరుస్తున్న బాబిన్ కేసును మళ్లీ తుడుస్తున్నాడు.

ఆయన మెకానిక్. మిషన్ల రొదలో చెవులు మందగించాక ఇంట్లో మాటలు తగ్గాయి. కానీ మిషన్లు బాగుచేసేవాళ్ల ఫోరమ్‌లో మాత్రం ఎవరేం అడిగినా ఓపిగ్గా జవాబు రాసేవాడు. కిందటి వానల్లో అదీ మానేశాడు. ముసలితనపు పెంకితనం అనుకుంది సూదులమ్మ. కరెంటు ఆదా అని కూడా అంది.

"నాన్న మానలేదమ్మా. చాలాకాలం రాస్తూనే ఉన్నాడు. కొట్టేది ఒక్క వేలితో కదా! అంతసేపు కదలిక లేకపోతే మనిషి వెళ్లిపోయాడనుకుని ఫోరమ్ తలుపు మూసేసేది. పంపబోతే మళ్లీ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రమ్మనేది. ఈలోగా రాసిందంతా గల్లంతు."

"మరి నోరు విప్పి చెప్పొచ్చుగా?"

"తన జవాబులు అక్కర్లేక అక్కడివాళ్లే తీసేస్తున్నారనుకున్నాడు. ముసలోడి మాటలు ఎవరిక్కావాలిలే అన్నాడు నాతో."

సూదులమ్మ స్టూలు మీద కూలబడింది. వాడుక గిరాకీ నాలుగు రోజులు కనబడకపోతే ఏమైందని కబురంపే మనిషి తను. కట్టుకున్నవాడు మాట మానేస్తే కరెంటు లెక్క చూసుకుంది. ఇంత తప్పు లెక్క ఆమె ఎన్నడూ వేయలేదు.

"బాగైందా మరి?" అంది.

"రాసింది దాచే ఏర్పాటు అసలు ప్రోగ్రాంలో పెడితే బరువెక్కుతుంది, వద్దన్నారు అది చూసుకునేవాళ్లు. అందుకని దానికి పక్కన కొక్కెంలాంటిది పెట్టాను. ఎవరికి కావలసిన భాగం వాళ్లు తగిలించుకోవచ్చు. రాస్తున్నది రాస్తున్నట్టే దాచే భాగం ఒకటి చేశాను."

"మన మిషన్‌కి బట్టను నొక్కే ఫుట్ మార్చినట్టా? జిప్పుకొకటి, కాజాకొకటి. మిషన్ విప్పక్కర్లేదు."

"అచ్చం అంతే! చేతులు వణికేవాళ్లు, చూపు ఆననివాళ్లు ఎక్కడెక్కడి నుంచో బాగుందని రాస్తున్నారు. నాన్న ఫోరమ్‌లోనూ నిన్న తగిలించారు. దారం తెగుతోందని అక్కడ ఎవరో పిల్ల అడుగుతోంది కూడా. ఇక పోదంటే నాన్నే నమ్మట్లేదు."

సూదులమ్మ లేచి వెనకగదిలోకి నడిచింది. భర్త చెవి దగ్గర వంగి, "ఏమండీ! దారం తెగుతోందని ఎవరో పిల్ల అడుగుతోందట. వచ్చి చెప్పండి" అని అరిచింది.

"ఎందుకే? అదెలాగూ పోతుంది."

"పోతే నాది పూచీ!"

ఆయన తలెత్తి చూశాడు. అమ్మిన సరుకుకే పూచీ ఇవ్వని మనిషి! లేచి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

ఒక్కో అక్షరం వెతికి కొడుతున్నాడు. గిరాకీలు వస్తున్నారు, పోతున్నారు. సూదులమ్మ అందరితో సైగలతోనే బేరమాడింది. ఎండ గుమ్మం దాటి గల్లాపెట్టె మీదికొచ్చాక, ఆయన పంపే బటన్ నొక్కాడు.

ముగ్గురూ తెర మీదికి వంగారు. ఫోరమ్ మళ్లీ లోపలికి రమ్మని అడిగింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కూతురు పాస్‌వర్డ్ కొట్టి తలుపు తీసింది. రాసిందంతా చెక్కుచెదరకుండా ఉంది.

సూదులమ్మ కూడబలుక్కుంటూ చదివింది. "దారాన్ని తిట్టకమ్మా. సూది తిరగేసి బిగించావేమో చూసుకో. మా ఇంట్లోనూ ఒక సూది ఉంది. సరైన వైపు తిప్పుకుంటే దానంత చక్కగా కుట్టేది లేదు."

"వయసొచ్చింది గానీ సిగ్గు రాలేదు" అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది. కూతురి వైపు తిరిగి, "కంపెనీవాళ్లకి రాయి. వస్తాను గానీ ఈ పని మాత్రం మాననని" అంది.

"ఒప్పుకోకపోతే?"

"సరుకు మనది. వాళ్లు కాకపోతే ఇంకో గిరాకీ. మొదటి బేరానికే మూట కట్టేస్తారటే?"

కూతురు లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని గబగబా కొట్టబోయింది. సూదులమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"నెమ్మదిగా రాయవే. ఇప్పుడేం పోదుగా!"