నాలుగు డబ్బాల మాట

"నేను డాంగిల్ పెట్టిన. నీ కంప్యూటర్ దాన్ని సీడీ అంటదేంది అన్నా?"

సహజ నాతో అన్న మొదటి మాట ఇదే. నమస్తే లేదు, పేరు లేదు. జూలై వానలో తడిసిన చున్నీ పిండుకుంటూ షాపులోకి వచ్చింది. నన్ను అడక్కుండానే సిమ్ వేసిన నెట్ డాంగిల్ తీసి కంప్యూటర్‌కు గుచ్చింది. గుచ్చి, నన్నే తిట్టడం మొదలుపెట్టింది.

"అది సీడీ కాదు. నీ డాంగిలే అబద్ధం చెప్తున్నది," అన్నాను.

"నా డాంగిల్ అబద్ధం చెప్తదా! మా దోస్తు ఇంట్ల మంచిగనే పని చేస్తది. అసలు ఇదేం సిస్టమ్?"

"లినక్స్. ఫ్రీ సిస్టమ్."

"గదీ సంగతి! ఫ్రీది ఇంతకన్నా ఏం చేస్తది?"

నాకు ఒళ్లు మండింది. బాన్సువాడ బస్టాండు ఎదుటి సందులో నా షాపు. బోర్డు మీద 'యోగేష్ జిరాక్స్, నెట్, ఫ్యాక్స్' అని ఉంటుంది కానీ ఊళ్లో అందరూ నన్ను 'ఫ్రీ యోగేష్' అంటారు. వైరస్ రాదు, హ్యాంగ్ కాదు, ఎవడబ్బ సొమ్మూ కాదు అని ఎంత చెప్పినా వినరు. ఇప్పుడు ఈమె ఒకతి.

"చూడు మేడం," అన్నాను పళ్లు బిగబట్టి. "డాంగిల్ల కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంటది. గందుకే గుచ్చంగనే నేను సీడీనని చెప్పుకుంటది. నువ్వు సీడీవి కాదు, మోడెమ్‌వి అని మనమే ఒక్క కమాండ్ కొట్టి చెప్పాలె. అప్పుడు అసలు పని మొదలుపెడ్తది."

కమాండ్ కొట్టాను. డాంగిల్ మీద నీలం లైటు వెలిగింది. నెట్ వచ్చింది.

"అవ్వో! నువ్వు ఎవరివని దానికి గూడ చెప్పాల్నా?" అంది బెంచి మీంచి ఒక ముసలి గొంతు. అప్పుడు చూశాను, సహజ వెంట ఆమె అమ్మమ్మ నర్సవ్వ కూడా వచ్చి కూర్చుంది. వాళ్లది నస్రుల్లాబాద్. నర్సవ్వ బీడీలు చుట్టి ఇక్కడి కార్ఖానాలో అప్పజెప్పి పోతుంది. సహజ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసింది. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు అప్లికేషన్ పంపాలి. అక్కడ మెయిల్ తెరిచి చూసే నాథుడు లేడట, ఫ్యాక్స్ అయితే తిన్నగా మేడం టేబుల్ మీదికి పోతుందట.

నా దగ్గర ఫ్యాక్స్ మెషిన్ ఉంది. కానీ రోడ్డు వెడల్పు చేస్తూ ఫోన్ కేబుల్ తెంపి రెండు నెలలైంది. షాపు తలుపు మీద 'నెట్ లేదు' అని రాసి పెట్టుకున్నాను. అది చదివే ఆమె డాంగిల్ తీసింది. ఇక నెట్ ద్వారా ఫ్యాక్స్ పంపే సర్వీసు ఒకటి ఉంది, అందులో పంపుదామన్నాను.

ఫ్యాక్స్‌కు ముందు కవర్ పేజీ ఉండాలి. ఎవరు పంపుతున్నారు, ఎవరికి, కింద రిమార్క్స్.

"ఆ మేడం మన తెలుగామెనే. రిమార్క్స్ల తెలుగుల నమస్కారం పెట్టు అన్నా," అంది.

పెట్టాను. ప్రింటర్లోంచి కాపీ వచ్చింది. ఇంగ్లీషంతా బాగానే ఉంది. నమస్కారం ఉండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు ఉన్నాయి.

"ఇవేంది డబ్బాలు?"

"తెర మీద తెలుగు వస్తది. కవర్ పేజీ తయారుచేసే ప్రోగ్రామ్‌కే తెలుగు ఫాంట్ లేదు. అక్షరానికో డబ్బా, దీర్ఘానికో డబ్బా, పొల్లుకో డబ్బా వేస్తది. ఇప్పుడు నువ్వు నన్ను అన్నా అన్నవు గదా? అ ఒకటి, న ఒకటి, పొల్లు ఒకటి, కింద ఇంకో న, దీర్ఘం. మొత్తం ఐదు డబ్బాలు."

సహజ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. మొదటిసారి నవ్వింది.

"గంత చిన్న మాటకు ఐదు డబ్బాలా? అయితే ఇగ నిన్ను అన్నా అని పిలువ. కాయితం దండగ."

అంతే. నా పని అయిపోయింది.

*

ఆ దవాఖానవాళ్లకు అన్నీ ఒకేసారి అడిగే అలవాటు లేదు. ఒక వారం టెన్త్ మెమో అన్నారు, ఇంకో వారం కోర్సు సర్టిఫికెట్ అన్నారు, తర్వాత కులం, తర్వాత ఆధార్, తర్వాత ఇంకేదో. వాళ్లు ఎంత సతాయిస్తే నాకు అంత సంబరం. సహజ డాంగిల్ పట్టుకుని, అమ్మమ్మను పట్టుకుని వచ్చేది. రెండో వారానికల్లా కమాండ్ తనే కొట్టడం నేర్చుకుంది. మూడో వారానికి నా సిస్టమ్‌లో నాకు తెలియని సెట్టింగులు నాకే చూపించింది.

"ఓ ఫ్రీ సిస్టమూ!" అని పిలిచేది నన్ను. అన్నా అనలేదు, పేరు పెట్టీ పిలవలేదు.

నేను ఎదురుగా చెప్పలేకపోయాను. నోరు తెరిస్తే "కలర్ జిరాక్సా, బ్లాక్ అండ్ వైటా?" తప్ప ఇంకో మాట రాదు. అందుకని ఒక దొంగ పని మొదలుపెట్టాను. రిమార్క్స్‌లో తెలుగులో రాయడం. ఎలాగూ డబ్బాలే కదా పోయేది, ఎవడికి తెలుస్తుంది?

'వాన ఇంకో గంట పడితే బాగుండు' అని ఒకసారి రాశాను. 'ఇవాళ పచ్చ డ్రెస్ వేసుకొచ్చింది, ప్రింటర్‌లో ఇంకు పోయడం మరిచాను' అని ఇంకోసారి. మానిటర్ నా వైపే ఉంటుంది, కౌంటర్ అవతల ఉన్న సహజకు కనపడదు. ప్రింటర్లోంచి మాత్రం బుద్ధిగా డబ్బాలు వచ్చేవి.

"ఏం రాస్తున్నవ్ అంతసేపు?"

"నమస్కారం మేడం అని."

"నమస్కారం మేడంకు గన్ని డబ్బాలా?"

"గౌరవం జర ఎక్కువ పెట్టిన."

ఆమె కాపీ తీసుకుని, డబ్బాల మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టేది. లెక్కపెట్టుకోనీ అనుకున్నాను.

ఆగస్టు చివర్లో ఉద్యోగం వచ్చింది. ఇంకొక్క కాగితం మాత్రం మిగిలింది. 'చేరతాను' అని సంతకం చేసిన ఫారం శుక్రవారం సాయంత్రం ఐదులోపు అందాలి. ఐదు దాటితే లిస్టులో తర్వాత ఉన్నవాళ్లకు ఇచ్చేస్తారట. సోమవారం డ్యూటీ. అక్కడే హాస్టల్.

అది సహజ మొదటి ఉద్యోగం. వాళ్ల ఇంట్లో ఆడపిల్ల నెలజీతం తేవడం కూడా అదే మొదలు. ఆ ఫారం పంపేది నేను. పంపితే ఇక నా షాపుకు ఆమె వచ్చే అవసరం ఉండదు. సిగ్నల్ లేదని చెబితే ఏమవుతుందని ఒక్క క్షణం అనిపించింది. థూ, అని నన్ను నేనే తిట్టుకున్నాను.

*

శుక్రవారం పొద్దుటి నుంచి ముసురు. నాలుగు గంటలకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద కంప్యూటర్, ప్రింటర్ నడుస్తున్నాయి. సిగ్నల్ ఒక గీత వస్తోంది, పోతోంది.

"నాలుగున్నర అయింది!" సహజ ఫోన్‌లో టైం చూపించింది. "ఐదు దాటితే నౌకరి పోతది, ఎట్ల?"

"ఫికర్ చెయ్యకు. ఏదో ఒకటి చేద్దాం."

డాంగిల్‌కు పొడుగు వైరు తగిలించాను. గుమ్మం బయట సిగ్నల్ కాస్త నయం. కానీ వాన. నర్సవ్వ లేచి, గొడుగు విప్పి, వైరు చివర డాంగిల్ చేత్తో పట్టుకుని గుమ్మం బయట నిలబడింది.

"గిట్లనా? ఇంక మీదికా?"

"ఇంక మీదికి అవ్వా! జర ఎడమకు! ఆ, అంతే, కదలకు!"

"కదల్తలే తియ్యి. బీడీలు చుట్టి చుట్టి గట్టివడ్డ చెయ్యి ఇది."

రెండు గీతలు వచ్చాయి. నాలుగు నలభై ఐదు. ఫారం స్కాన్ చేసి కవర్ పేజీ తెరిచాను. ఇదే చివరిది. రిమార్క్స్ దగ్గర నా చెయ్యి ఆగింది. సహజ నా మొహమే చూస్తోంది. ఎందుకో ఏదో అడగబోయినట్టు ఆగింది.

"ఏమన్న చెప్తవా?" అంది.

"ఊఁ? లే... లేదు. కాపీలు ఒకటా రెండా?"

ఆమె మొహం చిన్నబోయింది. నేను మానిటర్లోకి తల దూర్చి టకటకా కొట్టాను. 'సహజా, నువ్వు పోతున్నవ్. నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఎదురుంగ చెప్ప చాతనైతలేదు. యోగేష్.' కొట్టి, పంపాను.

నాలుగు యాభై రెండు. 'డెలివర్డ్' అని వచ్చింది.

"పోయింది! అవ్వా, పోయింది!" అని అరిచాను. నర్సవ్వ గొడుగుతో సహా లోపలికి వచ్చింది. ప్రింటర్ కిర్రుమంటూ కవర్ పేజీ కాపీ బయటకు తోసింది.

డబ్బాలు లేవు.

ఒక్క డబ్బా కూడా లేదు. గుండ్రటి, చక్కటి, నల్లటి తెలుగు అక్షరాలు. పొల్లుతో సహా, ఒత్తుతో సహా.

కాపీని లాక్కుని షర్టులో దోపుకున్నాను.

"సహజా, ఘోరమైపోయింది. నీ నౌకరి..."

"అందుల గూడ రాసినవా?" సహజ నెత్తి పట్టుకుంది. "ఇయ్యాల గూడనా? ఫారం రోజు గూడనా!"

"నీకెట్ల ఎరుక?"

"ఫాంట్ ఎక్కించింది నేనే! నిన్న ఫారం ప్రింట్ కోసం వచ్చినప్పుడు నువ్వు అన్నం తిన పోయినవు గదా, డాంగిల్ పెట్టి ఫాంట్ దింపిన. సెట్టింగ్ మార్చిన. పాత కవర్ పేజీలన్ని మళ్ల ప్రింట్ తీసిన." బ్యాగు తెరిచి ఆరు కాగితాలు కౌంటర్ మీద పెట్టింది. పచ్చ డ్రెస్ కాగితం అన్నిటికన్నా పైన ఉంది. "ఇయ్యాల నోటితోని చెప్తవేమోనని చూసిన. మళ్ల దాంట్లనే రాస్తవని నేననుకుంటినా?"

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. నిజామాబాద్ నంబరు. సహజ స్పీకర్ నొక్కింది. నర్సవ్వ కూడా గొడుగు మూయడం ఆపేసింది.

"సహజేనా? నేను ప్రియదర్శిని, దవాఖాన ఆఫీసు నుంచి. ఫారం వచ్చిందమ్మా. క్లియర్‌గా ఉంది."

"థాంక్యూ మేడం. ఆ కవర్ పేజీ..."

"అదే చెప్తున్నా. ఇన్ని రోజులూ మీ ఫ్యాక్స్‌లో ఆ డబ్బాలేంటా అని మా స్టాఫంతా అనుకునేవాళ్లం. ఇవాళ అర్థమైంది." ఫోన్లో వెనక నుంచి నలుగురైదుగురు నవ్వుతున్నారు. "ఆ రిమార్క్‌కు దవాఖానకు సంబంధం లేదు. దాని జవాబు మాకు ఫ్యాక్స్ చేయాల్సిన పని లేదు, ఆయనకే చెప్పుకో. సోమవారం తొమ్మిదింటికి వచ్చేయ్. లేటు కావద్దు."

మేడం ఫోన్ పెట్టేసింది. సహజ కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. ఉద్యోగం నిలిచింది. నేను మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను.

"లే," అంది సహజ.

"ఆ?"

"కుర్చీల నుంచి లే. నేను గూడ రిమార్క్స్ రాయాలె."

నన్ను లేపి, తను కూర్చుంది. మానిటర్ తన వైపు తిప్పుకుంది. మొదట సెట్టింగుల్లోకి పోయి నిన్న పెట్టిన ఫాంట్ తీసేసింది. తర్వాత ఏదో ఒక్క ముక్క కొట్టింది. ప్రింట్ తీసింది. ఫైలు సేవ్ చేయకుండా మూసేసింది.

కాగితం నా చేతిలో పెట్టింది. మధ్యలో డబ్బాలు.

"గిదేంది?"

"ఏడు కాయితాలు నన్ను సతాయించినవు గదా. ఇగ నువ్వు చదువుకో."

నాలుగు డబ్బాలు.

*

శనివారం, ఆదివారం నేను ఎవరికీ జిరాక్స్ సరిగ్గా తీయలేదు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. అన్నా కాదు, అది ఐదు. అమ్మయ్య. వద్దు కాదు, అదీ ఐదు. యోగేష్ అయితే ఆరు. ఇంతవరకు బాగానే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటుంటే తట్టింది. 'లేదు'. ల, ఏత్వం, ద, కొమ్ము. నాలుగు!

ముద్ద పళ్లెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

సోమవారం పొద్దున్నే బస్టాండుకు పరిగెత్తాను. నిజామాబాద్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. సహజ కిటికీ పక్కన కూర్చుని ఉంది. కింద నర్సవ్వ, చేతిలో టిఫిన్ డబ్బా.

"లేదు అనా?" అని అడిగాను కిటికీ పట్టుకుని. "ఆ నాలుగు డబ్బాలు లేదు అనేనా?"

సహజ పెదాలు బిగించి నవ్వు ఆపుకుంటోంది. నేను నర్సవ్వ వైపు తిరిగాను.

"అవ్వా, నీకు చెప్పిందా ఏం రాసిందో?"

"నాకు చదువు రాదు బిడ్డా. డబ్బాలైనా, అచ్చరాలైనా నాకొక్కటే." ఆమె టిఫిన్ డబ్బా కిటికీలోంచి మనవరాలికి అందించింది. "జూలై నెలల్నే నీ మొఖం చదివిన. మంచి పిలగానివే. దీని నాయినతోని నేను మాట్లాడ్త. నువ్వు మాత్రం జర నోరు తెరువ నేర్చుకో."

కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలింది. ఇక లాభం లేదని, బస్టాండు మొత్తం వినేలా అరిచాను.

"సహజా! నువ్వంటే నాకిష్టం!"

ప్లాట్‌ఫారం మీద ఉల్లిగడ్డల బస్తాలు దింపుతున్నవాళ్లు ఆగి చూశారు. సహజ కిటికీలోంచి తల బయట పెట్టింది. నవ్వుతూనే ఉంది. ఏదో చిన్నది నా వైపు విసిరింది. పట్టుకున్నాను. డాంగిల్.

"ఆదివారం వస్త! గప్పటిదాంక పైలంగ పెట్టు..." బస్సు మలుపు తిరుగుతుండగా గట్టిగా అరిచింది. "...బావా!"

డాంగిల్ పిడికిట్లో పట్టుకుని అక్కడే నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టాను. బ, దీర్ఘం, వ, దీర్ఘం.

నాలుగు.