తెల్ల సానరాయి

సాయంత్రం 4.10. వంటింటి నేల మీద ముసలాయన శవం. ఎడమ మణికట్టు తెగి ఉంది. పక్కనే కూరల కత్తి. బల్ల మీద తెల్లటి సిరామిక్ సానరాయి నిగనిగలాడుతోంది.

పోయినాయన ముప్పై ఏళ్ళు హోటల్లో హెడ్ కుక్. ఇంట్లో ఉండేది ఆయనా, భర్త పోయిన కోడలూ. పక్క వాటాలో ఆయన తమ్ముడు, వడ్రంగి.

"సాన పడుతుంటే కత్తి జారినట్టుంది. పాపం అన్నయ్య!" అన్నాడు వడ్రంగి.

"కాదు మేడమ్," అన్నాడు డాక్టర్ ఇన్‌స్పెక్టరమ్మతో. "ముందు తల వెనక దెబ్బ తగిలింది. స్పృహ తప్పాకే మణికట్టు కోశారు. మూడుకీ మూడున్నరకీ మధ్య."

అంటే హత్య. యాక్సిడెంట్‌లా కనబడాలని ఎవరో సర్దిన హత్య.

వడ్రంగి వెంటనే మాట మార్చాడు. ఊసరవెల్లి కూడా కాస్త టైమ్ తీసుకుంటుంది.

"అయితే ఈ పిల్లే! ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఇన్‌స్పెక్టరమ్మ కోడలి వైపు తిరిగింది.

"మూడింటికి ఎక్కడున్నావు?"

"డాబా మీద బట్టలు ఆరేస్తున్నా."

"ఎవరైనా చూశారా?"

"లేదు మేడమ్."

"ఆ కత్తి ఎవరు వాడతారు?"

"నేనే. రోజూ కూరలు తరిగేది నేనే కదా!"

నిజం చెప్పిన ప్రతిసారీ ఉచ్చు ఇంకాస్త బిగుస్తోంది. కానిస్టేబుల్ జీపు తలుపు తెరిచి నిలబడ్డాడు.

"ఆయనతో గొడవలున్నాయా?"

"లేవు. వచ్చే వారం ఇల్లు నా పేర రాస్తానన్నారు. చిన్నమామయ్యకే అది నచ్చలేదు."

ఇన్‌స్పెక్టరమ్మ బల్ల మీది రాయిని వేలితో తాకింది. వేలు వాసన చూసుకుంది. ఇంకో కానిస్టేబుల్ని పిలిచి, చెవిలో ఏదో చెప్పి లోపలి గదిలోకి పంపింది. అలమారలోంచి అలాంటిదే ఇంకో రాయీ, ఇంకో కత్తీ తీసి వడ్రంగి ముందు పెట్టింది.

"ఉలికి పదును పెట్టడంలో మీ తర్వాతే ఎవరైనా అంటున్నారు. ఈ కత్తికి ఓసారి సాన పట్టి చూపిస్తారా?"

పొగడ్తకి పడనివాడెవడు? వడ్రంగి చొక్కా చేతులు పైకి మడిచాడు. అటూ ఇటూ చూశాడు.

"నూనేదీ?"

"నూనె దేనికి?"

"భలేవారే! నూనె లేకుండా సానేంటి మేడమ్?"

"వద్దు చిన్నమామయ్యా!" కోడలు అరిచింది. జైలు గుమ్మంలో నిలబడి కూడా ఆ పిల్ల రాయి గురించే కంగారుపడింది. "నూనె తగిలితే ఆ రాయి గరుకంతా పూడిపోతుంది! ఉత్త నీళ్ళే చిలకరించాలి. ఒక్క చుక్క నూనె పడినా మామయ్య ఇల్లెగిరిపోయేలా అరిచేవారు!"

ఇన్‌స్పెక్టరమ్మ వడ్రంగి ముందున్న కత్తి వెనక్కి తీసుకుంది.

"విన్నారుగా?" అంది. "బల్ల మీదున్న రాయి నిండా నూనె, కుట్టుమిషన్ నూనె వాసన. అది పెద్దాయన వెయ్యడు. ఈ అమ్మాయి వెయ్యదు. నలభై ఏళ్ళుగా నూనెరాళ్ళ మీద ఉలులు నూరిన చెయ్యి మాత్రం ఆలోచించకుండా వేస్తుంది. లోపలి గదిలో మిషన్ దగ్గరున్న నూనె డబ్బా ఇప్పుడే కవర్లో పెట్టించాను. దాని మీది వేలిముద్రలు ఎవరివో మీరు చెబుతారా, ల్యాబ్ చెప్పాలా?"

వడ్రంగి ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. కూలబడ్డాడు.

"నేను పుట్టిపెరిగిన ఇల్లు మేడమ్... పరాయి పిల్లకి రాస్తానంటే..."

తెరిచిన జీపులోకి అతన్నే ఎక్కించారు.

"ఇక నిన్నెవరూ ఏమీ అడగరమ్మా," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

అప్పటిదాకా జవాబులు చెప్పుకోవడంతోనే సరిపోయింది ఆ పిల్లకి. ఇప్పుడు గోడకి చేరబడి, "మామయ్యా!" అంటూ గొంతెత్తి ఏడ్చింది.