ఎక్కడికి అనరాని ఊరు

పలక మీద ఆవగింజంత దీపం ఎర్రగా వెలిగింది. సుభాషిణి మీట నొక్కింది. గోడల వెనక గొట్టాల్లో సున్నపుపాలు గుడగుడమంటూ కదిలాయి. అవి తాగిన ఎదుగురాయి ఉబ్బి, దారిని రెండు చివర్లా మూసేస్తుంది. ఈసారి లోపల ఉన్నది ఉప్పమ్ముకునే మనిషి. బావమరిది గుమ్మం దాటుతుంటే నోరు జారి అడగకూడని మాట అడిగాడట. అతను గోడను బాదుతున్న చప్పుడు బూరలోంచి కాసేపు వినిపించింది. ఆ చప్పుడు ఆగేదాకా అన్నం డబ్బా విప్పకూడదని ఆమె ఎప్పుడో నియమం పెట్టుకుంది. ఆమాత్రం మర్యాద ఉండాలి కదా అనుకునేది.

"ఆగిందా?" అన్నారు పక్క బల్ల నుంచి పానకాలు గారు. ఈ వినికిడి గదికి ఆయనే పెద్ద.

"ఆగిందండి."

"అయితే తినమ్మా. చల్లారిపోతుంది."

చాటూరు పుట్టిందే దాక్కోవడానికి. అప్పట్లో తరుముకొచ్చిన శత్రువెవరో, ఇప్పుడున్నాడో లేడో ఎవరికీ తెలియదు. దాక్కోవడం మాత్రం మిగిలింది. ఊళ్లో వీధుల్లేవు. ప్రతి మనిషికీ గోడల్లో ఒక సొంత దారి. అది ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఆలికైనా, మగడికైనా తెలియకూడదు. బయటికి వెళ్లేవాళ్లను "ఎంతదాకా?" అని పలకరించాలి. "ఇక్కడిదాకే" అని వాళ్లు జవాబివ్వాలి. అంతకుమించి ఒక్క ముక్క కూడదు. "ఎక్కడికి?" అన్నారా, గోడలోని చెవి ఆ గొంతు పట్టేసుకుంటుంది. ఆ మనిషి మళ్లీ తన దారిలో అడుగు పెట్టగానే ఈ గదిలో దీపం వెలిగి, కింద పేరు పడుతుంది.

ఊరు కట్టిన పెద్దలు ఎవరినీ నమ్మలేదు, ఈ గదిని అసలే నమ్మలేదు. ఇక్కడ గనక ఆ మాట వినబడితే మీట నొక్కే చెయ్యితో పని లేదు. ఊళ్లో ఉన్న సున్నపుపాలన్నీ వాటంతటవే ఈ గదికే మళ్లుతాయి. మిగతా గొట్టాలన్నీ ఎండిపోతాయి. పనిలో చేరిననాడు సుభాషిణికి చెప్పిన మొదటి పాఠం అదే.

ఆమె ముద్ద కలుపుతుంటే ఇంకో దీపం వెలిగింది. పేరు పడింది. హైమ.

సుభాషిణి చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. హైమ ఆమె చెల్లెలు. తల్లి పోయాక తన చేతుల మీదుగా పెరిగిన పిల్ల. నిన్న పొద్దున సుభాషిణి ఒళ్లు కాలిపోతున్నా పనికి బయల్దేరితే హైమ గుమ్మందాకా పరుగెత్తుకొచ్చింది. "జొరం పెట్టుకుని ఎక్కడికే అక్కా?" అంది. అనేసి చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ గోడ వంక చూశారు. ఇక మీదట దారిలోకి దిగనని చెల్లెలి చేత ఒట్టు వేయించుకుని మరీ వచ్చింది సుభాషిణి. ఈ పిచ్చిది ఇవాళే దిగింది.

"నొక్కమ్మా," అన్నారు పానకాలు గారు.

"మా చెల్లెలండి."

"తెలుసు. అందుకే నువ్వే నొక్కాలి. నేను నొక్కితే రేపట్నించి నా మొహం చూళ్లేవు." ఆయన గొంతు వెన్నలా ఉంది. "మా ఆవిడకి నేనే నొక్కుకున్నాను. ఆ పూట పెరుగన్నం కూడా తిన్నాను. ఏం కాదు, అలవాటైపోతుంది."

సుభాషిణికి ఆయన మీద కన్నా తన మీద తనకే ఎక్కువ అసహ్యం వేసింది. ఉప్పమ్మేవాడి చప్పుడు ఆగేదాకా డబ్బా విప్పకుండా కూర్చున్నందుకు తనను తాను మంచిదాన్ననుకుంది, చూడండి!

ఎంగిలి చేత్తోనే ఆమె పండగ చాటింపుల పెద్ద బూర అందుకుంది. అది ఊళ్లో అన్ని దారుల్లోనూ ఒకేసారి పలుకుతుంది, అన్ని దారుల మాటా వింటుంది.

"ఎక్కడికి?" అంది. మళ్లీ గట్టిగా అంది. "మీరంతా ఎక్కడికి పోతున్నారు?"

పలక మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. మరుక్షణం ఈ గది గోడల్లోనే గుడగుడ మొదలైంది. తలుపు అంచుల్లో ఎదుగురాయి పొంగి బిగుసుకుంది. హైమ మీటను ఇప్పుడు ఎవరు నొక్కినా ఆ గొట్టంలో చుక్క ఉండదు.

"ఎంత పని చేశావే!" పానకాలు గారు ఒక్క ఉదుటున లేచారు.

బూరలో ఒక ముసలి గొంతు భయపడుతూ పలికింది. "రేవుకమ్మా. చేపలకి." ఇంకెవరో మగమనిషి అందుకున్నాడు. "మా కూతురింటికండి. ఇల్లెక్కడో తెలీదు, ఎతుక్కుంటన్నాను." ఆ తర్వాత గొంతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాటి మధ్యలోంచి హైమ అరిచింది. "నీ దగ్గరికేనే అక్కా! మందు సీసా మర్చిపోయావు!"

సుభాషిణి ఏడ్చింది.

పానకాలు గారు బీరువా పక్కకి జరిగి గోడకు వీపు ఆనించారు. ఆయన సొంత దారి అక్కడే ఉందని ఆమెకు అర్థమైంది. రాయి ఇంకా అటువైపు రాలేదు.

"కళ్లు మూసుకో," అన్నారాయన.

"తెరవండి. ఇద్దరం పోదాం."

"నా దారి నువ్వు చూడ్డమేంటి? అటు తిరుగు ముందు!"

ఆయనొక్కడూ బయటపడితే ఈ గదికి పాలు ఆపించి మళ్లీ హైమ మీదికే పంపుతాడు. సుభాషిణి కుర్చీని ఆయనకు ఎదురుగా తిప్పుకుని కూర్చుంది.

"ఎక్కడికండీ?" అంది మెల్లగా.

రాయి బీరువా కాళ్లను కప్పింది, ఆయన మోకాళ్లదాకా వచ్చింది. బూరలో జనం ఒకరికొకరు దారులు చెప్పుకుంటున్నారు. వీపు వెనక తన దారి గడియ మీద చెయ్యి అలాగే ఉంచి, పానకాలు గారు ఆమె కళ్లు ఎప్పుడు మూస్తుందా అని ఇంకా చూస్తూనే ఉన్నారు.