వలలు అల్లే ఇంటి పిల్ల

"సినిమాలో ఆ ముసలాయన చేత ఒక్కసారి 'సరే' అనిపించు పార్వతీ. ఇక్కడ ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మాలకొండయ్య, ప్రొజెక్టరుకి రీలు ఎక్కిస్తూ.

"తెర మీద లేని మాట నా నోట రాదు," అంది శివపార్వతి. "తెగిన పోగు ముడెయ్యకుండా అంటిస్తే ఎన్నాళ్ళు నిలుస్తుందండీ?"

"నాకు నువ్వు కావాలి."

"ముందు ఫోకస్ సరిచెయ్యండి."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వు దాచుకుంది.

చీరాల నేత సంఘం హాలు, ఆదివారం మధ్యాహ్నం. కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. గుంటూరు కాలేజీలో పనిచేసే మాలకొండయ్య, అక్కడి ఫిల్మ్ క్లబ్బుకు వచ్చిన పాత స్వీడన్ సినిమాని సొంత ఊరికి తెచ్చాడు. తెర అడుగున పడే ఇంగ్లీషు మాటల్ని తెలుగులో చెప్పడం బి.ఏ. చదివిన శివపార్వతి పని.

కుడివైపు నామాలవాళ్ళు కూర్చున్నారు. ముందు వరసలో మాలకొండయ్య తండ్రి చలమయ్య. ఎడమవైపు విభూతివాళ్ళు, ముందు శివపార్వతి తండ్రి ఆదెయ్య. ఇద్దరి మగ్గాల మీదా దిగేది ఒకే రకం చీర. పిల్లలిద్దరి పెళ్ళిమాట ఎత్తితే తండ్రులిద్దరి జవాబూ ఒకటే: "వాళ్ళతోనా!"

సినిమాలో పడవలు చేసే ఇల్లొకటి, వలలు అల్లే ఇల్లొకటి. ఒకే దేవుడు, రెండు ప్రార్థన మందిరాలు. అబ్బాయి ఇటు, అమ్మాయి అటు. మనుషులంతా పిండిబొమ్మల్లా తెల్లగా ఉన్నారు. మన రంగువాడు ఒక్కడూ లేడు. అయినా ఆ సినిమా ఎవర్నీ చెడ్డవాణ్ణి చెయ్యలేదు. రెండిళ్ళ దేవుడికీ సమానంగా వెలుగిచ్చింది. చదువుతూనే శివపార్వతి ముచ్చటపడింది.

"కంఠంలో ప్రాణముండగా నీ గడప తొక్కను!" అన్నాడు తెర మీద పడవలాయన, ఆమె గొంతుతో.

"అచ్చం చలమయ్యే!" అన్నాడు ఆదెయ్య.

"ఏవయ్యోయ్, ఆ రెండోవాణ్ణి చూడు! గడ్డం గీస్తే నువ్వే!" అన్నాడు చలమయ్య.

హాలంతా గొల్లుమంది.

తర్వాత తండ్రులిద్దరూ వాదించుకుంటుంటే కెమెరా వాళ్ళని వదిలేసి, మూల కూర్చుని వల అల్లుతున్న పిల్ల చేతుల్ని చూపించింది. చాలాసేపు చూపించింది. అడుగున అక్షరాలు లేవు. శివపార్వతి ఆగిపోయింది.

"ఏమ్మా, చదవవేం?" అన్నాడు ఆదెయ్య.

"మాటల్లేవు నాన్నా. ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు."

సరిగ్గా అప్పుడే రీలు అయిపోయి లైట్లు వెలిగాయి. ఆదెయ్య కండువా నలుపుతూ కూర్చున్నాడు.

"చలమయ్యా, ఆ ఇద్దరిలో నువ్వెవరో నేనెవరో నాకిప్పుడు తెలియడంలేదయ్యా."

"నాకూ అంతే," అన్నాడు చలమయ్య నెమ్మదిగా.

ఆదెయ్య లేచి కూతురి దగ్గరికి వెళ్ళాడు. "వాళ్ళు అడగలేదు. నేను అడుగుతున్నా. నీకా కుర్రాడు ఇష్టమేనా?"

"ఇష్టమే నాన్నా." ఆమె తల దించలేదు.

"మరి మావాణ్ణి అడగరేం?" అన్నాడు చలమయ్య.

ఆదెయ్య వెనక్కి తిరిగి చూశాడు. "మీవాణ్ణి అడిగేదేముంది బావా? రెండో రీలు తలకిందులుగా ఎక్కిస్తున్నాడు!"