తాళం వేసిన ఫోన్

టక్. టక్. టక్. టక్...

చీకట్లో సరళాదేవి వేలు ఆగడం లేదు.

ఎనిమిది... తొమ్మిది... పది!

సున్నా పడింది. ఇంకా తొమ్మిది అంకెలున్నాయి.

కరెంటు పోయి గంటయింది. ఫోన్ డయల్‌కి ఇత్తడి తాళం వేలాడుతోంది. తాళంచెవి భర్త లక్ష్మీకాంతరావు జేబులో ఉంది. ఆయన జీపులో ఉన్నాడు. ఆ జీపు మందమర్రి వెళ్లింది.

గోడ మీది తుపాకీ కూడా ఆ జీపులోనే ఉంది!

డయల్‌కి తాళం వేస్తే వేయనీ. రిసీవర్ పెట్టే చోట మీట ఉందిగా! దాన్ని టకటకా నొక్కితే అంకె పడుతుంది. మూడంటే మూడుసార్లు, ఏడంటే ఏడుసార్లు, సున్నాకైతే పదిసార్లు. ఈ దొంగవిద్య నేర్పింది కూతురు ప్రమోదినే. కరీంనగర్‌లో కంప్యూటర్ కోర్సు చదివే రోజుల్లో, ఇంటికొచ్చినప్పుడు, తను బాపు అని పిలిచే తండ్రి తాళం వేసుకుని పోతే ఇలాగే నవ్వుకుంటూ ఫ్రెండ్స్‌కి ఫోన్లు కొట్టేది.

ఇప్పుడు ఆ కూతురి ప్రాణం కోసం తల్లి నొక్కుతోంది.

ఎనిమిది. ఏడు. మూడు... ఒక నొక్కు ఎక్కువ పడిందా?

పడింది! ఖర్మ!

పెట్టేసి మళ్లీ మొదలుపెట్టింది.

"దొరసానీ!" వరండాలోంచి కాపలా మొండయ్య గొంతు. "ఏం సప్పుడది లోపట?"

"బల్లి, మొండయ్యా."

టక్. టక్. టక్...

ప్రమోదిని ఇల్లు వదిలి పదకొండు నెలలు. తనతో కంప్యూటర్ నేర్చుకున్న కొమురెల్లిని పెళ్లి చేసుకుంది. బొగ్గుగని కార్మికుడి కొడుకు. "నాకు బిడ్డే పుట్టలేదనుకుంట" అన్నాడు లక్ష్మీకాంతరావు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ పేరు ఎత్తినవాళ్లు లేరు.

కానీ ప్రతి గురువారం పదకొండింటికి ఫోన్ మోగేది. భర్త జమ్మికుంట పత్తి మార్కెట్లో ఉండే వేళ. అవతలివాళ్లు మాట్లాడరు. ఈ ఇంట్లో ముందుగదిలో ఇంకో ఫోనుంది, ఎవరైనా వింటారని భయం. వట్టి ఊపిరి వినిపించేది. ఆ ఊపిరి ఎవరిదో కన్నతల్లికి తెలియదా? ఇవాళ ఏం వండిందో చెప్పేది సరళాదేవి. గేదె ఈనిందని చెప్పేది. అవతల ఫోన్ పెట్టేసేవాళ్లు.

పోయిన నెల ఆ ఊపిరిలో ఏడుపు వినిపించింది. అంతే... తల్లి తట్టుకోలేకపోయింది.

ఇదివరకు ఊళ్లో ఫోన్ ఎక్స్‌ఛేంజిలో లక్ష్మణ్‌రావు అని ఉండేవాడు. చేత్తో లైన్లు కలిపేవాడు. ఊరందరి గుట్టూ వినేవాడు, అంతా కడుపులో దాచుకునేవాడు. ఆయన రిటైరయ్యాడు. కంప్యూటర్ ఎక్స్‌ఛేంజి వచ్చింది. బ్లాంక్ కాల్స్ వస్తున్నాయని రాసిస్తే ఎక్కణ్నుంచో మిషనే చెబుతుందన్నారు.

సరళాదేవి రాసిచ్చింది. తన చేత్తో, తన సంతకంతో.

మిషన్ చెప్పింది. నంబరు, బూత్ అడ్రసు, మందమర్రి... అన్నీ అచ్చు వేసిన కాగితం కవర్లో వచ్చింది.

కవరు మీద పేరు మాత్రం లక్ష్మీకాంతరావుది!

ఫోన్ ఆయన పేరు మీద ఉంది మరి. అడిగింది తల్లా, తండ్రా అని మిషన్ చూడదు.

"నువ్వడిగిన కాయిదమే, తీస్కో" అని ఆయన దాన్ని ఆమె మొహాన కొట్టి, తమ్ముడు ప్రేమ్‌సాగర్‌రావుతో జీపెక్కాడు. అప్పుడు సాయంత్రం నాలుగు. ఆపైన వాన పడి లైన్ చచ్చింది. అరగంట క్రితమే మళ్లీ ప్రాణం వచ్చింది.

ఇది ఆరోసారి. అంకెలన్నీ పడ్డాయి...

ఎంగేజ్!

రాత్రి పూట ఎస్టీడీకి సగం రేటు టైము. బూత్ దగ్గర జనం కిటకిటలాడుతుంటారు.

ఏడోసారి. టక్. టక్...

తలుపు తోసిన చప్పుడు!

టార్చి వెలుగు సూటిగా ఆమె వేలి మీద పడింది. గుమ్మంలో మొండయ్య.

"దొర ఫోన్ ముట్టనియ్యద్దన్నడు, దొరసానీ..."

"పిల్లను సంపుతరు మొండయ్యా." ఆమె వేలు మీట మీంచి తీయలేదు. "నువ్వెత్తుకొని ఆడిచ్చిన పిల్ల!"

మొండయ్య కదల్లేదు. ఒక్క క్షణం... రెండు...

టార్చి ఆరిపోయింది.

"నాకేం కనిపిస్తలేదు దొరసానీ. కండ్లు మసకలైనయి. జల్ది కానియ్యుండ్రి."

టక్. టక్. టక్!

ఆఖరి అంకె పడింది. నిశ్శబ్దం. తర్వాత...

రింగ్!

"హలో! ఎస్టీడీ బూత్, బాలలక్ష్మిని. ఎవలు కావాలె?"

"ప్రమోదిని... ప్రమోదిని ఉంటదా అక్కడ?"

"కొమురెల్లి పెండ్లామా? గా కంప్యూటర్ పిల్లనా? వెనుక గల్లీల ఉంటది. మీరెవలు?"

"వాళ్ల అమ్మను."



"అయ్యో తల్లీ! మీ గురించి ఎంత ఏడుస్తదో పిల్ల! ఏమన్న చెప్పాల్నా? నేను ఉరికిపోయి చెప్పొస్త."

చెప్పొచ్చు. ఇల్లు వదిలి ఇప్పుడే పొమ్మని చెబితే చాలు. ఒక్క ముక్క!

మాట నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

వేరేవాళ్లు చెబితే నమ్ముతుందా అనుకుంది. అది సాకు. అసలు సంగతి ఆమెకే తెలుసు. ఆ గొంతు వినాలి. పదకొండు నెలలైంది, ఒక్కసారి అమ్మా అని పిలిపించుకోవాలి.

"పిలువు బిడ్డా. జర జల్ది పిలువు, పాణం మీదికొచ్చింది!"

రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత గల్లీ అంతా మోగేలా కేక...

"ఓ ప్రమోదినీ! మీ అమ్మ ఫోన్ చేసింది! ఉరికిరా!"

మళ్లీ బాలలక్ష్మి గొంతు, రొప్పుతూ.

"అస్తున్నది తల్లీ. కడుపుతోని ఉన్న పిల్ల గదా, మెల్లగ నడుస్తది."

కడుపుతో! సరళాదేవి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయితే పోయిన నెల ఆ ఏడుపు...

"మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. మా గల్లీల పిల్లకు ఏం కానియ్యం. గిప్పుడే ఎవలో ఇద్దరు పెద్దమనుషులు జీపుల అచ్చిండ్రు. గా పిల్ల ఇల్లెక్కడని అడిగిండ్రు. మాకు తెల్వదన్నం! ఒక్కలు గూడ చెప్పలే."

సరళాదేవి రిసీవర్‌ని చెవికి అదుముకుంది.

"పోయిండ్రా వాళ్లు?"

"ఏడ పోయిండ్రు? ఎదురుంగ చాయ హోటల్‌కాడ..."

బాలలక్ష్మి మాట ఆగిపోయింది.

"అయ్యో... సంబురంల గల్లీ అంత ఇనవడేటట్టు పేరు వెట్టి ఒర్రితిని గదా నేను!"

"ఆపు! రానియ్యకు! దండం పెడత, దాన్ని రానియ్యకు!"

ఆలస్యమైంది. రిసీవర్ చేతులు మారింది. ఆయాసం. తడబడే ఊపిరి. సరళాదేవికి తెలిసిన ఊపిరి...

"అమ్మా!"

పదకొండు నెలలు ఎదురుచూసిన మాట.

"అమ్మా, నువ్వే చేసినవా? నాకు ఏడో నెల అమ్మా..."

"ఉరుకు! తల్లీ, అక్కడ్నుంచి ఉరుకు! బాపు వచ్చిండు!"

"బాపు వచ్చిండా?" ఆ గొంతులో భయం లేదు. పట్టలేనంత సంతోషం! "నన్ను చూడనీకి వచ్చిండా? అగో... బాపే! నిజంగనే వచ్చిండమ్మా!"

"వద్దే! ప్రమోదినీ!"

"బాపూ! ఇక్కడ!"

ఢాం!

బాలలక్ష్మి కేక. గాజు పగిలిన చప్పుడు. ఎక్కడో జీపు స్టార్టయింది. ఆ తర్వాత రిసీవర్ దేనికో కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"దొరసానీ... ఏమైంది?" మొండయ్య గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

సరళాదేవి చీకట్లో తడుముతూ రిసీవర్ పెట్టేసింది.

"వాళ్లకు ఇల్లు దొరకలే మొండయ్యా" అంది. "బయటికి నేనే పిలిచిన."