పన్నెండో గడి

తుఫాను గోడను పద్నాలుగు ఫోటోలు తీసి ఆకాశంలోనే గాలిపడవను ఒడ్డు వైపు తిప్పేసరికి పది దాటింది. గౌరీశ్వరి పన్నెండేళ్ళుగా చేస్తున్న పనే. అయినా ఆ గోడకు ఎదురుగా వెళ్ళిన ప్రతిసారీ భయమేస్తుంది. భయం పోయిన రోజున ఈ ఉద్యోగం మానేస్తానని మొగుడితో అంది. ఆ రోజు ఇంకా రాలేదు.

గోడంటే మబ్బు కాదు. సముద్రం మీద నిలబడి, తనలో తాను తిరిగే నల్లటి నీళ్ళ గోడ. అడుగున అలలుండవు, తెల్లటి నురగ ఉడుకుతుంటుంది. నగరంలో జనం ఈ ఫోటోల కోసం ఎగబడతారు. ముందు గదిలో నిలువెత్తున అంటించుకుంటారు. తుఫానంటే వాళ్ళకు అంతే. ఇరవై ఆరేళ్ళుగా ఒక్కటి కూడా నగరం మీదికి రాలేదు మరి.

ఎందుకు రాలేదు? నగరానికి ఎదురుగా సముద్రం మీద మైళ్ళ కొద్దీ చల్లపలకలు తేలుతుంటాయి. స్విచ్ వేస్తే వాటి కింద నీళ్ళు చల్లబడతాయి. తుఫానుకు తిండి వెచ్చటి నీళ్ళే. తిండి దొరకని చోటికి అది రాదు, పక్కకు ఒరుగుతుంది. దీనికి మళ్ళింపు అని పేరు పెట్టారు. కనిపెట్టినవాళ్ళకు దండలు వేశారు. సరే, బాగుంది. మళ్ళిన తుఫాను ఎక్కడికి పోవాలి? జేబులో పెట్టుకోలేరు కదా! ఎవడో ఒకడి ఇంటి మీద పడాలి. ఆ ఇల్లు ఎవడిదో వేరే చెప్పాలా?

చట్టం మాత్రం పెద్దమనిషిలా రాశారు. మనిషి ఉన్న చోటికి తుఫానును మళ్ళించరాదు. నగరానికి ఉత్తరాన ఉన్న తీరాన్ని పన్నెండు గడులు చేశారు. ఏ గడి ఖాళీగా ఉందో ప్రమాణం చేసిన ఫోటోగ్రాఫరు పైనుంచి ఫోటో తీసి, కింద సంతకం పెట్టాలి. అది సాక్షిఫోటో. యంత్రం తీసింది చెల్లదు. గౌరీశ్వరికి జీతం అందుకే ఇస్తున్నారు.

మొదట్లో తీరం వాళ్ళు చెప్పినట్టే విన్నారు. సైరన్ మోగగానే షెల్టర్లకు పోయారు. గడి ఖాళీ. తుఫాను అక్కడికే. ప్రాణనష్టం లేదని మళ్ళింపు మండలి డప్పు కొట్టుకుంది. వీళ్ళు తిరిగొచ్చి చూస్తే ఇల్లు లేదు, పడవ లేదు, వల లేదు. మళ్ళీ కట్టుకున్నారు, మళ్ళీ పోయింది. నాలుగోసారికి అర్థమైంది. ఊరు పోతున్నది ఫోటోలో ఎవరూ లేకపోవడం వల్ల. అప్పటినుంచి ఊరికొకరు వంతు వేసుకుని ఇసుక మీద నిలబడుతున్నారు. నిలుపు అంటారు దాన్ని. మిగతా ఊరంతా షెల్టర్లో ఉంటుంది. షెల్టర్లో ఉన్నవాళ్ళు చట్టం లెక్కలో మనుషులు కారు, సురక్షితులు. పైకప్పు కింద ఉన్నది ఫోటోలో పడదు.

అయినా ప్రతిసారీ ఏదో ఒక గడిలో ఎవరో ఒకరు గోడను చూసి జడిసి పారిపోతారు. ఆ గడికి మూడుతుంది. మండలి బతుకంతా ఆ భయం మీదే నడుస్తోంది.

ఈ రోజు ఎవరూ పారిపోలేదు.

"పదకొండు గడులు చూశాను సార్" అంది గౌరీశ్వరి రేడియోలో. "పదకొండింట్లోనూ మనిషున్నారు."

"పన్నెండోది?" మండలి అధికారి సుధాంశు గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"దిబ్బలపాలెం. ఇప్పుడే దాని పైకి వచ్చాను." కిందికి చూసింది. కెమెరా అంచున తలలెక్క యంత్రం 'ఒకటి' అని చూపించింది. "ఒకరున్నారు."

"ఒక్కరేనా?"

"ఒక్కరే."

"అక్కడ వాన మొదలైనట్టుంది. ఇంకాస్త పైనుంచి తీస్తే ఆ మసకలో ఒక మనిషి ఫోటోలో పడకపోవచ్చు గౌరీశ్వరి గారూ. అది మీ తప్పూ కాదు, నా తప్పూ కాదు. వాతావరణం."

ఆమె గాలిపడవను ఉన్న ఎత్తులోనే ఉంచింది.

"మళ్ళించకపోతే సాయంత్రం నాలుగున్నరకు నగరం మీదికి వస్తుంది. ముప్పై లక్షల మంది. ఇవాళ మలుపుచూపు. బళ్ళకు సెలవిచ్చి పిల్లల్ని బీచికి తీసుకొచ్చారు. మీ పాప కూడా వచ్చే ఉంటుంది."

వచ్చింది. పొద్దున పసుపుపచ్చ వానకోటు తొడిగి నీలిని బడి బస్సు ఎక్కించింది గౌరీశ్వరే. తుఫాను నగరం ముందుదాకా వచ్చి ఒరిగి వెళ్ళిపోవడాన్ని లక్షల మంది ఒడ్డున నిలబడి ఫోటోలు తీసుకునే పండగ అది. నీలికి ఆరేళ్ళు. ఇదే మొదటిసారి.

గౌరీశ్వరి రేడియో ఆపేసి గాలిపడవను దించింది.

ఇసుకలో పాతిన, పడవలు కట్టే రాటకు ఒక ముసలామె నడుము కట్టేసి ఉంది. ఎర్రచీర. దగ్గరికి వెళ్ళేదాకా మొహం తెలియలేదు. తెలిశాక గౌరీశ్వరి పరిగెత్తింది. ఆదెమ్మ. తల్లి పోయాక ఈ ఊళ్ళోనే తనను పెంచిన పిన్ని.

"ఒలే గౌరీ! నువ్వేటే దిగినావు? పైనుంచి తీసీసి పోక!"

"సిన్నమ్మా, ఈ తాడేటి? ఎవరు కట్టినారు నిన్ను?"

"నానే కట్టించుకున్నాను. వంతు దండాసిగాడిది. నిన్నట్నుంచి ఒకటే యిరోసనాలు ఆడికి. గోడ అగుపించకముందే యిలగైతే, అగుపించినాక ఏటౌతాడు? నువ్వు లోపల తొంగో నాయినా అని నానొచ్చీసినాను."

"నీకు భయం నేదా?"

"భయం నేకపోతే తాడెందుకే?" ఆదెమ్మ నవ్వబోయింది, పళ్ళు కొట్టుకున్నాయి. "కాళ్ళు ఊగిపోతన్నాయి. ముడి నా సేతికి అందకుండా ఎనక్కి ఎయ్యమన్నాను. నేకపోతే ఈపాటికి పారిపోదును. పోయినేడు గుల్లలపేట కుర్రోడు అలగే పారిపోనాడు. ఆడి తప్పేటుంది, పాపం. మరేదే ఆ ఊరిప్పుడు?"

సముద్రం మీద చూపు ఆనిన మేరంతా నలుపు. గాలి ఒక్కసారి ఆగి, ఇంకో వైపునుంచి కొట్టింది. ఊరి వెనక షెల్టరు కనిపిస్తోంది. కప్పు మధ్యలో బీట. దాని గోడకు మూడు చోట్ల కర్రలు ఊతం పెట్టారు.

"అందులో ఎంతమంది?"

"మూడొందల డెబ్బై. వాన బయటికన్నా లోపలే ఎక్కువ పడతంది. గోడ దాకా ఎందుకు, నాలుగు ఆవులు కలిసి ఒరుసుకుంటే పడిపోద్ది."

"సిన్నమ్మా, పడవెక్కు. తీసుకుపోతాను."

ఆదెమ్మ ఆమె మొహం కేసి చూసింది.

"నానెక్కితే ఇక్కడ కాళీ. అదా నువ్వు దిగింది?"

గౌరీశ్వరి తల వంచుకుంది. అబద్ధం రాలేదు. "నీలి అక్కడ బీచిలో ఉంది. ఇక్కడికి మళ్ళించకపోతే అటే పోద్ది."

ముసలామె తల తిప్పి దక్షిణానికి చూసింది. వాన నీళ్ళు చెంపల మీంచి కారుతున్నాయి.

"ఎంతుంది టయిము?"

"ఐదు గంటలు."

"ఐదు గంటలు!" ఆదెమ్మ గొంతు లేచింది. "నాకు ఐదు గంటలిస్తే ఈ ఊరిని కొండెక్కించి, గంజి తాగించి, మళ్ళీ దించీగల్ను. మాకెప్పుడిచ్చినారే ఐదు గంటలు? మీ పట్నపోల్లకి కాళ్ళు నేవా? పరిగెట్టమని సెప్పు!"

ఆ మాట గౌరీశ్వరికి ఊపిరి పోసింది. నిజమే కదా. ఐదు గంటలు. రోడ్లున్నాయి, రైళ్ళున్నాయి, వెనక కొండలున్నాయి. ఇక్కడ కప్పు కింద మూడు వందల డెబ్బై మంది, వాళ్ళకు పోవడానికి వ్యవధే లేదు. తాను పైకి పోయి మసకగా ఒక ఫోటో తీస్తే వాళ్ళు లేనట్టే.

"మొకం తిన్నగా పడేటట్టు తియ్యి" అంది ఆదెమ్మ. "మడిసి కాదు, గుడ్డ ఎగిరిందనీసి ఎవుడూ అనకుండా."

గౌరీశ్వరి గాలిపడవ ఎక్కి, చట్టం ఒప్పుకునేంత కిందినుంచి తీసింది. రాట, తాడు, ఎర్రచీర, వానలోకి ఎత్తిన మొహం. పక్కన యంత్రం వేసిన అంకె. సంతకం పెట్టి పంపింది.

రేడియో మళ్ళీ వేసింది. సుధాంశు గొంతులో మెత్తదనం పోయింది. "మీరేం చేశారో తెలుస్తోందా?"

"ఐదు గంటలుంది సార్. నగరం ఖాళీ చేయించండి."

"ఎవరితో?"

"ఎవరితో అంటే?"

"ఆ విభాగం ఎత్తేసి పదిహేనేళ్ళయింది. సైరన్లు తీసేశాం. షెల్టర్ల స్థలంలో మలుపు చూడ్డానికి చూపుడు మేడలు కట్టాం, మీకు తెలుసు. ఎప్పుడైనా ఏదో ఒక గడి ఖాళీ అవుతుంది కదా, అదే మా ఏర్పాటు. ఇంకొకసారి చుట్టి రండి. ఎవరో ఒకరు పారిపోయి ఉంటారు. తప్పకుండా పారిపోతారు."

ఆమె మళ్ళీ చుట్టి రాలేదు. దక్షిణానికి తిప్పింది.

గోడ ఎడమ వైపున తనతోబాటే వస్తోంది. ఇంత దగ్గరగా, ఇంతసేపు ఎప్పుడూ ఉండలేదు. రేడియోలో ఒక్కొక్క ఆఫీసునే పిలిచింది. ఒకరు పై అధికారిని అడగాలన్నారు. ఇంకొకరు సెలవన్నారు. ఒకాయన నవ్వి, "మళ్ళకపోవడమేంటమ్మా?" అన్నాడు. ఎదురుగాలికి గంటలో రావలసిన దారి రెండు గంటలు పట్టింది. మొగుడి ఫోను పలకలేదు. బడి ఫోను పలికింది, పిల్లలంతా బీచిలో సంతోషంగా ఉన్నారని చెప్పింది.

నగరం కనిపించింది. ఒడ్డు పొడవునా జనం. చూపుడు మేడల మీద జనం. వెనక రోడ్డు మీద వచ్చిన బండ్లు వచ్చినట్టే ఒకదాని వెనకొకటి ఆగి, కొండ దారి దాకా బిగుసుకుపోయాయి. తలలెక్క యంత్రం ఎవరూ అడగకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రెండు లక్షలు దాటింది, ఆగలేదు. పసుపుపచ్చ వానకోట్లు వెతికింది గౌరీశ్వరి. వేలకు వేలు. ప్రతి బడికీ అదే రంగు. ఆకాశం నుంచి ఒక్క మనిషిని వానలో పట్టుకోగల కళ్ళకు తన పిల్ల దొరకలేదు.

ఒడ్డున మండలి మైకులు మోగుతున్నాయి. "సాంకేతిక కారణాల వల్ల నేటి మలుపు కొద్దిగా ఆలస్యమవుతుంది. దయచేసి మీ స్థానాల్లోనే వేచి ఉండండి."

ఎవరూ విసుక్కోలేదు. చప్పట్లు కొట్టారు.

గౌరీశ్వరి కిందికి దించి, గాలిపడవ మైకు నోటికి ఆనించుకుంది. "తుఫాను మళ్ళలేదు! మళ్ళదు! పరిగెత్తండి!"

చేతులు ఊపారు. గోడ ఫోటోలు తీసే మనిషి ఇంత దగ్గరగా రావడం వాళ్ళకు అదృష్టం. వేల ఫోన్లు ఒక్కసారి ఆమె వైపు లేచాయి. కొందరు వీపు తిప్పి, ఆమె కూడా పడేలా నవ్వుతూ తీసుకున్నారు. వాళ్ళ వెనక ఆకాశం నల్లగా ఎదుగుతోంది, ఎవరి మొహంలోనూ చిన్న బెదురు లేదు. గోడను చూసినప్పటికన్నా ఆ మొహాలను చూసి ఆమెకు ఎక్కువ భయమేసింది.

ఇసుక మీదికే దిగింది. దూకి, కనపడినవాళ్ళ భుజాలు పట్టుకుని ఊపింది. అరిచింది. గొంతు బొంగురుపోయింది. ఒకతను, కూతుర్ని మెడ మీద ఎక్కించుకున్నవాడు, ఆమె మొహంలోకి చూసి ఫోను దించాడు. పాతికేళ్ళుంటాయేమో. నమ్మాడు. పిల్ల కాళ్ళను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

సముద్రం కేసి చూశాడు. చూపుడు మేడల కేసి చూశాడు. బిగుసుకుపోయిన రోడ్డు కేసి చూశాడు.

"పరిగెత్తమంటే... ఎటు అండీ?" అన్నాడు.